ఆకు మనదే, ఆసుపత్రీ మనదే



పచ్చకామెర్లు రాగానే మన వాడల్లో చేసేది ఒక్కటే. నేల ఉసిరి పీకి, కడిగి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తాం. ఈ విద్య మన అవ్వలది, గట్ల మీద కలుపు తీసిన కూలి చేతులది. నాటు మందని ఎక్కిరించిన వాళ్ళే ఇవాళ దాన్ని సీసాల్లో, గోళీల్లో పెట్టి అమ్ముకుంటున్నారు. అమెరికాలో 1987లోనే పేటెంటు పుచ్చుకున్నారు.

ఆకులో గుణం ఉన్న మాట నిజమే. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడుతుంది. నిమ్మరసం పిండితే అంత నల్లబడదు. మన ఒంట్లోనూ ప్రాణవాయువు వల్ల ఇట్లాంటి చెరుపు జరుగుతుంటుంది. దాన్ని అడ్డుకునే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. నేల ఉసిరి ఆకులో అవి ఉన్నాయనీ, ఎలుకల కాలేయానికి కొంత కాపుదల ఇచ్చాయనీ ప్రయోగశాలల్లో తేలింది. అయితే ఎలుకలో పనిచేసిందల్లా మనిషిలో పనిచెయ్యదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్న 37 మందికి నెల రోజులు ఈ మందిస్తే, 22 మంది రక్తంలో ఆ వైరస్ గుర్తు కనబడలేదని రాశారు. లోకం ఆశపడింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు.

"మరి మావాడికి తగ్గింది కదా" అంటారు. మురికినీళ్ళతో వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, ఇ, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకొస్తుంది. పోనీ, రానీయండి. ప్రాణం మీదికొచ్చేది కడుపుతో ఉన్న ఆడమనిషికి. చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అట్లాంటి మనిషిని మూడు రోజులు పసరుతో, ఇంకో మూడు రోజులు వాతలతో ఇంట్లో ఉంచితే మేము ఒప్పుకోం. కళ్ళు పచ్చబడ్డ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మత్తుగా పడున్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా ఎవరికైనా అంతే. కంట్లో పసరు పొయ్యొద్దు, చేతి మీద వాత పెట్టొద్దు.

పసరు పోసే అవ్వలతో మాకు తగువు లేదు. జనం ముందు వాళ్ళ గుమ్మానికే పోతారు కాబట్టి ఈ గుర్తులు ముందు వాళ్ళకే చెప్పాలి.

కార్యకర్తలకు ఇంకో పని. వాడలో ముగ్గురు నలుగురికి ఒకేసారి కామెర్లొస్తే, మంచినీళ్ళ పైపు మురిక్కాల్వలో ఎక్కడైనా పగిలిందేమో వెతకండి. ఏ ఆకు నూరినా ఆ పైపు అతుక్కోదు. జబ్బుపడ్డ వాళ్ళ పేర్లు, తేదీలు వేసి అర్జీ రాయండి. పంచాయతీలో ఒకటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. పైపు బాగయ్యేదాకా నీళ్ళు కాచి తాగండి.