ఆకాశమున వంతులు

నా మాటలను మీకడకు గొనివచ్చుచున్న యీ తరంగము ఈ ప్రాంతమున ఈ కేంద్రమున కొక్కదానికే యీయబడినది. మఱియొకరు దీనిపై మాటలాడినచో ఇరువురి మాటలును మీకు తెలియవు. కేంద్రములు కొలదిగా నుండుటచే ఈ యేర్పాటు చెల్లుచున్నది. జేబుజేబునను సెల్ ఫోనున్న యీ కాలమున మనిషి కొక తరంగ మెక్కడ దొరకును?

1983లో చికాగో నగరమున ఆరంభమైన సెల్ ఫోనులు ఆ పనియే చేసినవి: ఒక్కొక్క సంభాషణకు 30 కిలోహెర్ట్జుల పాయ. పిమ్మట ఐరోపావారు జీ.ఎస్.ఎమ్. పద్ధతిని గల్పించిరి. 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖ్‌రామ్ గారితో మాటలాడిన పద్ధతి యిదియే. ఇందు 200 కిలోహెర్ట్జుల పాయను ఎనమండుగురు పంచుకొందురు. ఒక్కొక్కని వంతు 577 మైక్రోసెకనులు. తక్కిన యేడ్గురి వంతులును గడచువఱకు వాని యంత్రము మౌనము వహించును. ఆ యెడము మన చెవికి తెలియదు.

సంకేతముల పద్ధతి వింతయైనది. అందఱును ఒక్క పాయలో ఒక్కమాఱే మాటలాడుదురు. పలుభాషల సంతలో తెలుగుమాట తెలుగువాని చెవి బడినట్లు, ఎవరి సంకేతమును బట్టి వారి మాట తేలును. ఐనను దాపుననున్నవాడు బిగ్గఱగా నఱచినచో దూరపువాని గొంతు మునుగును. కావుననే అమెరికావారి తొలి యేర్పాటులో స్తంభము సెకనుకు 800 సార్లు ప్రతి ఫోనునకు బలము తగ్గింపుమనియో హెచ్చింపుమనియో ఆజ్ఞ యొసగెడిది. నాలుగవ తరమువారు పాయను 15 కిలోహెర్ట్జుల పోగులుగా చీల్చి పంచుచున్నారు.

ఇదంతయు వంతు దొరకిన పిమ్మటి మాట. అసలు వంతు కావలెనని యడుగుట యెట్లు? అడుగుటకు వంతు లేదుగదా!

దీనికి దారి 1971లో హవాయి దీవులలో దొరకినది. దీవులనుండి విశ్వవిద్యాలయపు గణనయంత్రమును వాడుకొనుటకై నార్మన్ అబ్రామ్సన్ పండితుడును ఆయన తోడివారును అలోహా యను పద్ధతి నేర్పఱచిరి. ఎవరికి తోచినప్పుడు వారు పంపవచ్చును. రెండు ఢీకొన్నచో ఎవరికివారు వేర్వేరు తడవులాగి మరల పంపవలెను. ఇందు కాలములో నూటికి 18 పాళ్లకు మించి ఫలింపదు. కాలమును గడులుగా గోసి, గడి మొదటనే పంపవలెనన్నచో 37 వఱకు హెచ్చును. నేటికిని మన ఫోను స్తంభమును తట్టు తొలి తట్టు ఈ వంశములోనిదే.

ఆ 37 శిఖరము. అది దాటిన వెనుక తట్టువారు పెరిగినకొలది దారి దొరకువారు తగ్గుదురు. తుపానురాత్రి స్తంభము నిలిచియున్నను, ఫోనులో గీతలన్నియు గనబడుచున్నను పిలుపు సాగకుండుటకు ఇది యొక కారణము. అట్టివేళకై ప్రతి సిమ్ములోను 0 మొదలు 9 వఱకు నొక యంకె దాచియుంచిరి. ఫలానా యంకెలవారు కొంతసే పాగవలెనని స్తంభము చాటవచ్చును. రక్షకులకును, ఆపదలో నాదుకొను సేవలవారికిని వేఱంకెలు గలవు. సామాన్యుని యంకె ధనమును బట్టి గాక యాదృచ్ఛికముగా వచ్చునది. ఇది న్యాయమని నా తలంపు.

కావున తుపానునాడు మీట మాటిమాటికి నొక్కకుడు. తడవాగి పొట్టి సందేశ మొకటి పంపుడు. దానికి సంభాషణకువలె నిడివైన వంతు పట్టదు. అందుకొనువారి ఫోను దొరకనిచో కేంద్రమున నిలిచియుండి, దొరకినపుడు చేరును.