తీగ ఒకరిదైనా దారి అందరిదీ కావాలి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఆడపిల్లల స్టడీ సెంటర్‌కు మీరిచ్చిన కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కంప్యూటర్లు బాగున్నాయి. నేను మాట్లాడాలనుకున్నది వాటికి వచ్చే తీగ గురించి.

పోయినేడు స్కాలర్‌షిప్ దరఖాస్తుల ఆఖరి వారంలో నాలుగు రోజులు నెట్ రాలేదు. గేటు ముందు స్తంభం మీద మరో కంపెనీ కేబుల్ ఉంది. దాన్ని తెచ్చుకుంటామంటే బిల్డింగు యజమాని, "ఒక్కరికే రాసిచ్చేశాను మేడం, రెండోవాళ్లకు వీల్లేదు" అన్నారు. పిల్లల్ని ఆటోల్లో ఎక్కించుకొని నెట్ సెంటర్ల చుట్టూ తిరిగాం. అయినా ఇద్దరి దరఖాస్తులు గడువులోగా అందలేదు.

తీగ వేసినవాడు మిగతావాళ్లను రానివ్వాలా, వద్దా? ఈ ప్రశ్న మీద అమెరికాలో ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. అక్కడ ఫోన్ లైన్ల మీద ఇంటర్నెట్ వచ్చిన రోజుల్లో లైను ఒక కంపెనీదైనా, నెట్ ఇచ్చే సంస్థలు వేలల్లో ఉండేవి. ఎవరి నంబరు తిప్పితే వారికి కలపడం ఫోన్ కంపెనీ బాధ్యత. టీవీ కేబుల్ మీద వేగంగా నెట్ వచ్చేసరికి ఆ బాధ్యత లేకుండా పోయింది. 1998 చివర్లో పోర్ట్‌లాండ్ నగరం, అక్కడి కేబుల్ సంస్థను కొంటున్న ఏటీ అండ్ టీకి ఒక షరతు పెట్టింది: ఇతర సంస్థలకూ మీ కేబుల్ మీద సమానంగా చోటివ్వాలి. కంపెనీ కోర్టుకెక్కింది. 1999లో నగరం గెలిచింది, 2000లో అప్పీలులో ఓడింది. 2002లో కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్, ఫోన్ కంపెనీలకున్న బాధ్యత కేబుల్ నెట్‌కు వర్తించదని తేల్చింది. బ్రాండ్ ఎక్స్ అనే చిన్న కంపెనీ సవాలు చేసినా, 2005లో సుప్రీంకోర్టు 6–3 తేడాతో కమిషన్ మాటనే నిలబెట్టింది.

కేబుల్ కంపెనీల వాదనలోనూ న్యాయముంది. సొమ్ము పెట్టి తీగ వేసినవాడు ఊరికే పంచాలంటే రేపు ఎవరు వేస్తారు? దీనికి బ్రిటన్ ఒక దారి చూపింది. అక్కడ 2006లో ఫోన్ లైన్లను చూసుకోవడానికి ఓపెన్‌రీచ్ అనే విభాగం ఏర్పడింది. సొంత కంపెనీ అయినా, పోటీ కంపెనీ అయినా దానికి ఒకే షరతులు, ఒకే అద్దె. వేసినవాడికి కిరాయి ముడుతుంది, వాడుకునేవాడికి ఎంపిక మిగులుతుంది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మదీనాలో రూమా బావి యజమాని నీళ్లు అమ్ముకునేవాడు. కొనలేని పేదలు ఇబ్బంది పడేవారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో ఆ బావిని కొని అందరికీ వక్ఫ్ చేశారు. యజమానికి ధర ముట్టింది, ప్రజలకు నీళ్లు దక్కాయి. ఎవరికీ అన్యాయం జరగలేదు.

మన కొత్త హాస్టల్ గోడలు లేస్తున్నాయి కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. రోడ్డు నుంచి ప్రతి అంతస్తుకూ నాలుగైదు కేబుళ్లు పట్టే పైపు వేయిద్దాం. ఏ కంపెనీకీ 'నీకొక్కడికే' అని సంతకం పెట్టొద్దు. వచ్చినవారందరికీ ఒకే అద్దె పెడదాం. భవనాల్లో ఒక్కరికే హక్కు ఇచ్చే ఒప్పందాలు కూడదని మన ట్రాయ్ కూడా 2017లో సిఫారసు చేసింది. పైపు ఖర్చు ఇప్పుడైతే కొంచెమే. ప్లాస్టరింగ్ అయ్యాక గోడలు పగలగొట్టాల్సి వస్తుంది.

మీలో అపార్ట్‌మెంట్లు, కాంప్లెక్సులు ఉన్నవారున్నారు. ఇంటికెళ్లాక మీ ఒప్పంద పత్రాలు ఒకసారి తీసి చూడండి. మీ భవనంలోనూ ఏ పిల్లో ఆఖరి తేదీకి ముందు రోజు ఫారం నింపుతూ ఉంటుంది.