ఆకాశవాణికి ఆధారము శ్రోతయే
(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



రేడియో యనగానే ఎవరికైనను ముందు స్ఫురించునది ఒక కంఠము. ఆ కంఠము వెనుక నిలిచియుండువారు మూడు తెగలవారు. కార్యక్రమములను సిద్ధపరచువారు మొదటివారు. ప్రసారయంత్రముకడ రాత్రింబవళ్లు కావలియుండువారు రెండవవారు. విని, మెచ్చి, తప్పు కనబడినచో జాబు వ్రాసి, అవసరమైనపుడు వ్యయభారమునుగూడ పంచుకొను శ్రోతలు మూడవవారు. మొదటివారి పేర్లు లోకమునకు తెలియును. రెండవవారి పేర్లు ఎన్నడో గాని వినబడవు. మూడవవారి పేర్లు అసలే వినబడవు. కాని ఆ మూడవవాడు లేనినాడు మొదటి యిద్దరి శ్రమయు గాలిలో కలిసిపోవును. ఇది ఊహ కాదు. చరిత్ర చెప్పిన మాట.

1924లో చెన్నపట్టణమున కొందఱు ఔత్సాహికులు మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు సాగించిరి. ధనము చాలక 1927లో ఆ ప్రసారములు నిలిచిపోయెను. దాని యంత్రసామగ్రి నగరపాలక సంస్థకు చేరెను. 1930లో ఆ సంస్థ తన ప్రసారములను ఆరంభించెను. 1927 జూలై 23వ తేదీన బొంబాయిలో ఆర్భాటముగా ప్రారంభమైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ గతియు ఇట్టిదే. రేడియో పెట్టె గలవారు ఏటికి పది రూపాయలు రుసుము చెల్లించి లైసెన్సు పొందవలెను. అట్లు పొందినవారు కొద్ది వేలమంది మాత్రమే. మూలధనము స్వల్పము, శ్రోతలు అంతకంటె స్వల్పము. మూడేండ్లు నిండకమునుపే, 1930 మార్చిలో, ఆ కంపెనీ మూతపడెను. పిదప ప్రభుత్వము ఆ భారమును స్వీకరించెను. 1936లో దానికి ఆలిండియా రేడియో యను పేరు కలిగెను.

ప్రభుత్వము స్వీకరించినంతమాత్రమున శ్రోత బాధ్యత తీరలేదు. అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా, 1980ల నడుమ ఆ రుసుము రద్దగువఱకు, ఇంట రేడియో గలవాడు తపాలా కచేరికి పోయి ఏటేట సొమ్ము చెల్లించి లైసెన్సు పుస్తకమును చూపవలసియుండెను. అది కొందఱికి బరువుగానే తోచియుండును. అయినను ఆ చిన్న పుస్తకము శ్రోతకు ఒక హక్కును కల్పించెను. తాను సొమ్ము చెల్లించుచున్నాడు కనుక కార్యక్రమము బాగుండలేదని చెప్పు అధికారము తనకు గలదని అతడు భావించెను.

తెలుగు ప్రసారముల కథ ఈ సత్యమునకు మఱియొక నిదర్శనము. 1938 జూన్ 16వ తేదీన మదరాసు ఆకాశవాణి కేంద్రము వెలసెను. తెలుగు కార్యక్రమములు అక్కడనే పెరిగి పెద్దవయ్యెను. హైదరాబాదులో 1935 నుండి నడచిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆలిండియా రేడియోలో చేరెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వాగ్గేయకారుడు ఆ కేంద్రమున ప్రాతఃకాలమును భక్తిరంజనితో నింపెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలచేతనే పాడించి, ఆడించి, పలికించిరి. ఉషశ్రీ రామాయణ భారతములను ప్రవచించుటయేగాక, ధర్మసందేహములను అడిగిన శ్రోతలకు సమాధానములు చెప్పెను.

ఈ మూడు కార్యక్రమములకును ఒక పోలిక గలదు. వినువాడు ఊరక వినువాడుగా మిగులలేదు. భక్తిరంజని వినుచు గృహిణి పాట నేర్చుకొనెను. బాలానందము విన్న బాలుడు తానును ఒకనాడు మైకు ముందు నిలువవలెనని కలగనెను. ప్రవచనము విన్న వృద్ధుడు కార్డు వ్రాసి సందేహమును పంపెను. వాడవాడల తెలుగువారికి ఆ కేంద్రములు సొంతమైనవిగా తోచుటకు ఇదియే కారణము.

ఈ సూత్రమును శాస్త్రీయముగా పరీక్షించిన ప్రయత్నమొకటి 1956లో పూనా ప్రాంతమున జరిగెను. యునెస్కో సాయముతో ఐదు జిల్లాలలోని నూటయేబది గ్రామములయందు రైతులు శ్రోతల బృందములుగా ఏర్పడిరి. కార్యక్రమమును వినుట, విన్నదానిని చర్చించుట, చర్చించినదానిని ఆచరించుట వారి నియమము. వారి ప్రశ్నలు తిరిగి రేడియో కేంద్రమునకు చేరెను. ఆ అనుభవమువలననే 1959లో గ్రామీణ రేడియో గోష్ఠుల పథకము దేశమంతట వ్యాపించెను.

అయినను పెద్ద కేంద్రము ఎంత ఆదరముతో పనిచేసినను ప్రతి పేటయొక్క కష్టసుఖములను చెప్పజాలదు. 1995లో సుప్రీముకోర్టు, ఆకాశతరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఫలించుటకు కొంతకాలము పట్టెను. 2006లో ప్రభుత్వము లాభాపేక్ష లేని ప్రజాసంస్థలకు సామాజిక రేడియో నడుపుకొను అనుమతినిచ్చెను. 2008 అక్టోబరు 15వ తేదీన, నాటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతమున గల మాచనూరు గ్రామమునందు సంగం రేడియో ప్రసారములు మొదలయ్యెను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘముల రేడియో అది. నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ యను దళిత యువతులు. విత్తనములు, జొన్నలు, ఇంటివైద్యము, బతుకమ్మ పాటలు, ఊరి ముచ్చట్లు, ఇవియే వారి కార్యక్రమములు. భాష వారింటి భాష. అందు పాడినవారును, విన్నవారును ఆ పల్లెలవారే. శ్రోతకును కళాకారునకును నడుమ గోడ లేని రేడియో అది.

ఇక సూరతు సంగతి. ఈ నగరమున ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రము కలదు. దాని పలుకు ముఖ్యముగా హిందీ, గుజరాతీ భాషలలో సాగును. ఇది తప్పు కాదు; నగరమునకు తగినదే. కాని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గముల పనికై వచ్చి లింబాయత్, ఉధ్నా మున్నగు పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచట అనేకము. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు గింగురుమను సాంచాల మ్రోత, అటుపిమ్మట ఇరుకు గది. ఆ గదిలో తెలుగు మాట వినబడుటకు చేతి ఫోనే దిక్కు. ఫోనులో విజయవాడ, హైదరాబాదు కేంద్రములను ఇప్పుడు వినవచ్చును. అది సంతోషకరమే. అయినను ఆ కేంద్రములు సూరతు వీధిలోని నీటికొరతను, ఇచటి ఆసుపత్రి వేళలను చెప్పవు.

అట్టి మాట యెందుకు కావలెనో ఈ నగరము రెండు పర్యాయములు చూచెను. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే కొద్ది దినములలో లక్షలకొలది జనులు నగరమును విడిచి పోయిరి. వ్యాధికంటె వదంతి వేగముగా పరుగెత్తెను. ఏ మందు వాడవలెనో, ఎక్కడికి పోవలెనో ఇంటి భాషలో చెప్పు నమ్మకమైన కంఠము పేటలో నుండినచో కొందఱి భయమైనను తగ్గియుండెడిది. 2006 ఆగస్టులో తాపీనది పొంగి నగరములో అధికభాగము మునిగెను. విద్యుత్తు నిలిచిన యిండ్లలో బ్యాటరీతో పలుకు చిన్న రేడియో విలువ అట్టివేళ తెలియును. గుజరాతీ చదువనేరని కూలికి, అప్పుడే ఊరినుండి వచ్చిన కోడలికి, వృద్ధురాలైన తల్లికి తెలుగు మాట విలాసము కాదు, రక్షణ.

ఇది సాధ్యమా యని సందేహింపవచ్చును. సూరతు నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు మరాఠీ, ఒడియా, ఉర్దూ మున్నగు భాషలయందును, తెలుగునందును పాఠశాలలను నడుపుచున్నది. బడికి సాధ్యమైనది రేడియోకు అసాధ్యము కానేరదు. సామాజిక రేడియో ధ్వని పది పదునైదు కిలోమీటర్ల దూరము పోవును. ఈ పేటలకు అది చాలును. ఆ రేడియో తెలుగువారిది మాత్రమే కానక్కరలేదు, కారాదు కూడ. ఒకే చాళులో ఒడియావాడు, మరాఠీవాడు, తెలుగువాడు ఇరుగుపొరుగులై యున్నప్పుడు గంటలు పంచుకొనుటయే న్యాయము. తెలుగు గంట తెలుగువారిదై, తక్కిన గంటలు తక్కినవారివై, నడచు రేడియో అందఱిది కావలెను.

కష్టములును లేకపోలేదు. అనుమతికి దరఖాస్తు, యంత్రసామగ్రి, గది, విద్యుత్తు, లెక్కలు కావలెను. అన్నిటికంటె దుర్లభమైనది ఓపిక. మొదటి నెలలో ఉత్సాహముతో వచ్చిన పదిమందిలో ఏడాది తరువాత ముగ్గురు మిగులుదురు. 1927లో మదరాసున తీరనిది ధనలోపము; నేడు తీరవలసినది నిలుకడలోపము.

ఇచటనే కేంద్రప్రభుత్వోద్యోగుల సంఘమునకు పని గలదు. దరఖాస్తు వ్రాయుట, లెక్కలు సరిచూచుట, యంత్రమును కాపాడుట, వేళకు హాజరగుట, ఇవి కార్యాలయములలో నిత్యము చేయు పనులే. మగ్గముకడ పనిచేయు తెలుగువానికి చెప్పవలసిన మాట గలదు. దానిని కాగితముపై పెట్టు తీరిక లేదు. ఉద్యోగికి కాగితము తెలియును. ఆ పేట మాట తెలియదు. ఈ యిద్దరును ఒక గదిలో కూర్చుండుటయే రేడియోకు తొలిమెట్టు. అంతవఱకు వేచియుండనక్కరయు లేదు. సూరతు ఆకాశవాణికి వారమున అరగంట తెలుగు కార్యక్రమము కావలెనని, ఏమి వినదలచిరో స్పష్టముగా తెలుపుచు, పేటవారును ఉద్యోగులును కలిసి సంతకములు చేసిన జాబు నేడే వ్రాయవచ్చును.

వినువాడు అడిగినపుడే పలుకువాడు పలుకును. అడుగుట శ్రోత ధర్మము. ఆ ధర్మమును నెరవేర్చిననాడు ఆకాశమునుండి వచ్చు వాణి సూరతులోని తెలుగింటి గడపను గూడ తాకును.