అమెరికా నాణెములు: పెద్దలకు తొలి పాఠము

అమెరికాలోని బిడ్డల కడకేగు మన పెద్దలకు ఆంగ్లము నేర్పు సోదరీ సోదరులారా!

మన రూపాయల నోట్ల వెనుక 15 భాషల పట్టికలో తెలుగునకును చోటు గలదు; ఏ రాష్ట్రమున నివసించినను మన అక్షరము మనకు కనబడును. అచ్చట ఆ ఊరట లేదు. డైమనగా 10 సెంట్లు. దానిపై విలువ తెలుపు అంకెయే లేదు, ‘వన్ డైమ్’ అను మాటలే. పైగా 5 సెంట్ల నికెలుకంటె చిన్నది! పెద్దదానికే విలువ పెద్దదని నమ్మిన అవ్వ మోసపోవును. ఇక నోట్లన్నియు ఒకే కొలతవి. లెక్క తెలియక, నీవే తీసికొనుమని అంగడివానికి అరచేయి చాపుట ఆమెకెంత చిన్నతనము!

కావున వ్యాకరణమును కొన్నాళ్లు కట్టిపెట్టి, నిజమైన నాణెములనే బల్లపై పోయుడు. పేరు ఆంగ్లమున, అర్థము తెలుగున చెప్పుడు. కన్నులు మూసి అంచు తడుమనిండు: డైమునకు గీట్లుండును, నికెలు నున్నగా నుండును. పెన్నీల ముద్రణ 2025లో ఆగినను, ఉన్నవి చెల్లును. పాఠమున వానిని విడువకుడు.