పాతబండి చేతులు మారువేళ

(సంఘ వార్షిక సమావేశమున చదివిన ప్రసంగపాఠము)

 

సంగీత సాహిత్యములకు నెలవైన ఈ వేదికపై మోటారుబండి అమ్మకమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఒక వస్తువును ప్రేమించి పోషించుట సంస్కారమైనచో, దానిని తగినరీతిగా మరియొకరి చేతిలో పెట్టుటయు సంస్కారమే యగును. అదియునుగాక, నేను చెప్పబోవునది మన కార్యాలయముల ముంగిళ్ళలో అరశతాబ్దమునకు పైగా నిలిచిన అంబాసిడరును గూర్చి. దాని నెరుగని కేంద్రప్రభుత్వోద్యోగి మన తరమున అరుదు.

దాని పుట్టినిల్లు మనకు దూరము కాదు. గంగ కావలియొడ్డున నున్న ఉత్తర్‌పాడాయే. హిందూస్థాన్ మోటార్సు సంస్థ 1942లో గుజరాతు తీరమందలి ఓఖా రేవున నెలకొని, 1948లో ఉత్తర్‌పాడాకు తరలివచ్చినది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి 1950వ దశకము చివర అంబాసిడరు వెలువడినది. 1962లో రెండవ మార్కు, 1975లో మూడవ మార్కు వచ్చినవి. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయినది. 2017లో ఆ పేరు ఫ్రాన్సుదేశపు ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు విక్రయింపబడినది. పేరుకు అంత వెల! మరి ఆ పేరు మోయుచు మన వాకిట నిలిచిన బండి కెంత వెల? నాయొద్దనున్న రెండవ మార్కు బండిని గతసంవత్సరము అమ్మదలచినపుడు నన్ను వేధించిన ప్రశ్న యిదియే.

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” యని మన పెద్దలు ఊరక చెప్పలేదు. తొలుత వచ్చిన పాతయినుము వర్తకుడు బండిని చూడలేదు, బరువును చూచెను. తరువాత వచ్చిన మిత్రుడు దానిలో తన బాల్యమును చూచి, ఆకాశమంత వెల పలుకునని నన్ను ఊరించెను. ఈ రెండును వెలలు కావు. మొదటిది బండిని చచ్చినదిగా లెక్కించుట. రెండవది మన జ్ఞాపకములను పరులకు అంటగట్టుట. కాకిపిల్ల కాకికి ముద్దే. కాని ఆ ముద్దునకు కొనువాడు మూల్య మియ్యనక్కరలేదు. ఆదివారములందు బండిక్రింద పరుండి నేను గడపిన గంటలకును వెల కట్టరాదు. ఆ గంటల ఫలమును నేనప్పుడే అనుభవించితిని.

అట్లయిన దేనికి వెల కట్టవలెను? నా అభిప్రాయమున మూడింటికి. మొదటిది సహజత్వము. క్రొత్తరంగుతో మెరయుట వేరు, పుట్టినప్పటి అవయవములతో నిలుచుట వేరు. ఇంజనుమీద, ఛాసిస్‌మీద చెక్కిన సంఖ్యలు నమోదుపత్రముతో సరిపోవలెను. రెండవ మార్కునకు సహజమైన 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు స్తంభమునకు అమర్చిన గేరుకడ్డీ, లోపలి గడియారపు ముఖములు యథాతథముగా నున్నచో బండికి విలువ. మల్లిక్‌బజారులో పాతభాగములు దొరకవచ్చును. కాని విడిచిన సహజత్వము ఏ బజారులోను దొరకదు. రెండవది దేహదార్ఢ్యము. మూడవది చరిత్ర: ఎప్పుడు ఏ భాగము మారినది, ఎవరు మార్చిరి, ఎంత దూరము నడచినది యని వ్రాసియుంచిన పుస్తకము. మన కార్యాలయములలో దస్త్రము లేని మాటకు విలువ లేదు గదా! బండివిషయమునను అంతే.

ఇక దోషములను చెప్పుట. అమ్మువాడు గుణములు చెప్పవలెను, దోషములు కొనువాడు వెదకుకొనవలెనని లోకమున ఒక అలవాటు కలదు. అది వర్తకనీతి కావచ్చును. అభిరుచిగలవారి నీతి కాదు. అంబాసిడరునకు లారీకి వలె విడిగా చట్రము లేదు, దేహమే చట్రము. కావున తలుపుల క్రింది అంచులకు, నేలరేకునకు పట్టిన త్రుప్పు అందమునకు మాత్రమే గాక బలమునకును హాని. కలకత్తా గాలిలోని తేమ, వర్షకాలమున వీథులలో నిలుచు నీరు ఆ త్రుప్పును పోషించును. నేను నా బండి దోషములను ఒక కాగితముపై వరుసగా వ్రాసి, బేరమునకు ముందే చూపితిని: ఎడమవైపు నేలరేకు అతికించినది, వెనుక తలుపు రబ్బరు క్రొత్తది, డైనమో చుట్టు మరల చుట్టించినది.

ఇంధనమును గూర్చియు చెప్పవలెను. 2000వ సంవత్సరమునుండి మనదేశమున సీసములేని పెట్రోలే అమ్ముచున్నారు. సీసము వాల్వుల పీఠములను అరుగకుండ కాపాడెడిది. పాత ఇంజనుకు ఆ రక్షణ పోయినది. నేడు ఇరువదిపాళ్ళ ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చును; పాతకాలపు రబ్బరుగొట్టములను చెరచును. గొట్టములు మార్చితిమా లేదా యని చెప్పకుండ బండినిచ్చుట, నిప్పుభయమున్న యిల్లు అద్దెకిచ్చుట వంటిది.

కాగితముల సంగతి మన ఉద్యోగులకు వేరుగ బోధింపనక్కరలేదు. అయినను మరచువారు మనలోనే ఎక్కువ. యాజమాన్యము మారినట్లు 29వ, 30వ ఫారములు నింపవలెను. బండి పరరాష్ట్రమునకు పోవునెడల 28వ ఫారముపై నిరభ్యంతరపత్రము పొందవలెను. 1988 మోటారువాహన చట్టము ననుసరించి, స్వరాష్ట్రములోని అమ్మకమును అమ్మినవాడు 14 దినములలో తెలుపవలెను. 2021లో కేంద్రప్రభుత్వము ఏబది యేండ్లు దాటిన పురాతన వాహనములకు ప్రత్యేక నియమములు చేసినది. వాటిక్రింద చేరిన బండి తన పాతసంఖ్యను నిలుపుకొనవచ్చును. కాని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనమునకు తప్ప నిత్యప్రయాణమునకు వాడరాదు. అట్టి బండి అమ్మకమును 90 దినములలో తెలుపవలెను. ఇవిగాక, 1964 కేంద్రోద్యోగుల ప్రవర్తన నియమావళి ప్రకారము, చరాస్తి వెల మన రెండునెలల మూలవేతనమును మించినచో, అమ్మిన నెలలోపల పై అధికారికి తెలియజేయవలెను. కొనువానితో మనకు అధికారసంబంధమున్నచో ముందుగనే అనుమతి పొందవలెను. పాతబండి కదా యని ఈ నియమము సడలదు.

కడపట మిగిలినది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న: ఎవరికి అమ్మవలెను? నాయొద్దకు ఇద్దరు వచ్చిరి. ఒకరు పెండ్లిండ్లకు బండ్లు అద్దెకిచ్చువారు. నేను కోరినదానికంటె మూడవవంతు హెచ్చు ఇచ్చెదమనిరి. పైకప్పు కోసి, వధూవరులు నిలుచుటకు వీలుగ మార్చెదమనిరి. రెండవవాడు హావ్‌డాకు చెందిన యువకుడు, పాఠశాలలో ఉపాధ్యాయుడు. నా వెలకును కొంత తక్కువగా, రెండువాయిదాలలో ఇచ్చెదననెను. బండిక్రిందికి దూరి అరగంటసేపు చూచి, నేను వ్రాసిన దోషములకు మరి రెండింటిని చేర్చెను.

ఆ హెచ్చుధనము మాయింట అక్కరకు రానిది కాదు. ఉద్యోగవిరమణ సమీపించినది, మాశ్రీమతి కంటిచికిత్స ముందున్నది. ఆమెతో ఆలోచించితిని. “చికిత్సకు సరిపోవునంత ఇతడిచ్చుచున్నాడు గదా, మిగిలినది దేనికి?” అని ఆమె అడిగినది. నాకు వేరుమాట లేకపోయినది. పైకప్పు కోసినచో దేహమే చట్రమైన ఆ బండి సడలిపోవును. దానితో నేను కాపాడినదంతయు పోవును. ఉపాధ్యాయునికే యిచ్చితిని. అయితే అవసరమునకు హెచ్చువెల గైకొన్నవారిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఇంట మందులకు లేనివాడు బండిని కాపాడవలెనని ఏ ధర్మమును చెప్పదు. అవసరమెంత, ఆశ యెంత యని విడదీసి చూచుకొనవలెనని మాత్రమే నా మనవి.

మన పల్లెలలో ఎద్దును అమ్మిన రైతులు కొందరు పలుపుతాడును తమయొద్దనే యుంచుకొందురు. బండివిషయమున దీనికి విరుద్ధముగా చేయవలెను. జాకీ, పానాలు, ఇంజను త్రిప్పు కడ్డీ, మొదటి యజమాని రసీదులు, మనము వ్రాసిన పుస్తకము, ఏదియు గుర్తుగా మిగుల్చుకొనరాదు. అవి లేనిదే బండిచరిత్ర తెగిపోవును.

స్టేట్స్‌మన్ పత్రిక 1968లో ఈ నగరమున పాతకార్ల ర్యాలీ నారంభించినది. అందు నడచు బండ్లలో తొలి యజమాని చేతనున్నవి ఎన్ని యుండగలవు? ఒకరిచేతినుండి ఒకరిచేతికి జాగ్రత్తగా అందినందుననే అవి నేటికిని నడచుచున్నవి. మీలో ఎవరియింటనైన పాతబండి గాని, వీణ గాని, తాతగారి గోడగడియారము గాని యున్నచో, నేడే ఒక పుస్తకము తెరచి దాని చరిత్ర వ్రాయ నారంభింపుడు. అమ్మునాటికి అది మీ మాటకు సాక్ష్యము. అమ్మకున్నను మీ బిడ్డలకు ఆస్తి.