ఒకసారి లెక్కించింది మళ్లీ లెక్కించరాదు
(గవర్నర్‌పేటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు పక్కన పెట్టి ఈసారి గణితం మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. కారణం మా మనవరాలు. ఇంజనీరింగులో లెక్కల పరీక్ష తప్పి, "తాతయ్యా, ఈ ఆర్థోనార్మల్ బేసిస్ నా తలకెక్కదు" అని కన్నీళ్లు పెట్టుకుంది. జన్మంతా జమాఖర్చులు రాసినవాణ్ణి, ఊరుకోలేక పుస్తకం తెరిచాను.

మన భాషలో చెబుతాను. రెండో బిల్లులో మొదటి బిల్లు ఖర్చే కొంత మళ్లీ వస్తే ఏం చేస్తాం? దాన్ని కొట్టేసి, కొత్త ఖర్చు మాత్రమే పాస్ చేస్తాం. ఇదీ అంతే.

ఒక ప్రయాణం తూర్పుకు 3, ఉత్తరానికి 4 ఫర్లాంగులు. తిన్నగా కొలిస్తే 5. రెండో ప్రయాణం తూర్పుకు 2, ఉత్తరానికి 1. అందులో మొదటిదాని వాటా ఎంత? తూర్పును తూర్పుతో, ఉత్తరాన్ని ఉత్తరంతో గుణించి కూడాలి. నేను 6, 4 కలిపి 10 అన్నాను. ఉన్న 2లో నుంచి 30 తీయవలసి వచ్చింది! "తాతయ్యా, ముందు 5తో భాగించాలిగా!" అంది మనవరాలు.

భాగిస్తే మొదటి దిక్కు 0.6, 0.8, నిడివి 1. ఇప్పుడు వాటా 1.2, 0.8 కలిపి 2. ఆ దిక్కున 2 ఫర్లాంగులంటే 1.2, 1.6. అవి తీసేస్తే తూర్పుకు 0.8, దక్షిణానికి 0.6 మిగిలింది. దీని నిడివీ 1, మొదటిదానికి సరిగ్గా లంబం. నిడివి 1 రాకపోతే మళ్లీ భాగించాలి. ఏమీ మిగలకపోతే అందులో కొత్త దిక్కే లేదన్నమాట.

ఇది గ్రామ్-ష్మిట్ పద్ధతి. 1883లో దీన్ని రాసిన గ్రామ్ డెన్మార్కులో బీమా కంపెనీ ఉద్యోగి, మనబోటివాడే. 1907లో రాసిన ష్మిట్, ఇది సారాంశంలో గ్రామ్‌దేనని ఒప్పుకున్నారు.

మన సి.ఆర్. రావుగారి తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వల్ల రావుగారు చిన్నప్పుడు నూజివీడు, నందిగామల్లో చదివారు. 1965లో వచ్చిన వారి స్టాటిస్టిక్స్ గ్రంథం సదిశలు, మాత్రికలతోనే మొదలవుతుంది. మనిషి ఎత్తు, చేతి పొడవు కొలిస్తే సగం సంగతి ఒకటే కదా! ఆ పునరుక్తి తీసేయాలంటే ఈ లెక్కే కావాలి. వారు 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మనవరాలు మళ్లీ పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. కాని నా తప్పు దిద్దిననాడే తనకు లెక్క వచ్చేసింది. మీ ఇంట్లో పిల్లలు పుస్తకం ముందు దిగులుగా కూర్చుంటే, రాకపోయినా పక్కన కూర్చోండి.

సెలవు.