నల్లరాతి బల్ల: విలువ ఎక్కడ పెరుగుతుంది?



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రాళ్ల శాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయితే బెంగళూరు పక్కన జిగణిలోని రాతి కోత ఫ్యాక్టరీల లోన్ ఫైళ్లు చాలా ఏళ్లు నా టేబుల్ మీదుగా వెళ్లాయి. అందుచేత నల్లరాతి ఫర్నిచర్ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు పేరు సంగతి. బజారులో నల్లగా మెరిసేదాన్నంతా బ్లాక్ మార్బుల్ అనేస్తారు. అసలు మార్బుల్ సున్నపు జాతి రాయి. రాజస్థాన్‌లోని భైంస్లానా నల్లరాయి అటువంటిది. చెక్కడానికి అనువు, కాని నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారులు గ్రానైట్ అంటారు, భూగర్భ శాస్త్రం గాబ్రో జాతిలో చేరుస్తుంది. అది మార్బుల్ కంటే గట్టిది. కనుక వంటగట్టుకు అదే మేలు.

ఇక లెక్క చూద్దాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం గల మార్బుల్ పలక సుమారు 40 కిలోలు తూగుతుంది. రాయి ఎంత బరువునైనా మోస్తుంది గాని వంగవలసి వస్తే విరుగుతుంది. కాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించడమే సగం పని. అంచులను 45 డిగ్రీల కోణంలో కోసి అతికిస్తే సన్నని పలకే మందపాటి దిమ్మలా కనబడుతుంది. రాయీ ఆదా, బరువూ తక్కువ. దిమ్మగా అమ్మితే వచ్చేది రాయి ధర. బల్లగా అమ్మితే దానిపై ఆలోచనకు, చేతిపనికి కూడా ధర వస్తుంది.

చివరగా ముఖ్యమైన సంగతి. గ్రానైట్ వంటి రాళ్లను పొడిగా కోస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. సిలికా మరీ ఎక్కువగా ఉండే కృత్రిమ రాతి పలకలను ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి నిషేధించింది. నీళ్లు పోస్తూ కోయడం, ధూళిని పీల్చే యంత్రం, మంచి మాస్కు – ఇవీ రక్షణ. నేను చూసిన అంచనా పత్రాల్లో మాత్రం ఖర్చు తగ్గించాలంటే ముందుగా కొట్టివేసే పద్దు ఇదే.

పిల్లలూ, మీలో కామర్స్ వారున్నారు, ఇంజనీరింగ్ వారున్నారు. రేపు మీరు ఏ ఫ్యాక్టరీకి అంచనా వేసినా, కోతపని చేసేవాడి ఊపిరిని ఖర్చుల పట్టికలో మొదటి వరుసలో రాయండి. ఆ పద్దు కొట్టివేసి చూపే లాభం లాభం కాదు. ఇంకొకరి ఇంటి మీద వేసిన అప్పు.